కూలెంట్ నిండా పోసినా ఇంజిన్ ఎందుకు వేడెక్కింది: లీకునూ, లోపల చిక్కిన గాలినీ వెతికి పట్టుకున్న నా అనుభవం

కారులో కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, తగ్గితే తగ్గినంత పోయించుకుని బయల్దేరడం మనలో చాలామందికి అలవాటు. కూలెంట్ బయటికి పోయే దారి ఉన్నచోట గాలి లోపలికి వచ్చే దారి కూడా ఉంటుందనీ, లీకు, గాలి అనే ఈ రెండింటినీ వేర్వేరు జబ్బులుగా చూసినంతకాలం ఇంజిన్ వేడెక్కడం ఆగదనీ ఒక వేసవిలో నా కారు బాగు చేయించుకునే క్రమంలో నాకు స్పష్టంగా తెలిసింది. ఆ క్రమాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పాత కారు నడుపుతూ ఇదే ఇబ్బందిలో ఉన్నవారికి కొంత డబ్బు, అంతకు మించి ఇంజిన్ మిగులుతుందని నా నమ్మకం.

నాది పదేళ్లు దాటిన 1.2 లీటర్ల పెట్రోల్ కారు. విజయవాడలో రోజూ ఆఫీసుకు వెళ్లడానికి, అప్పుడప్పుడు ఊళ్లకు వెళ్లడానికి వాడతాను. దాని కూలింగ్ ఏర్పాటు ఆ తరగతి కార్లలో ఎక్కువగా కనిపించేదే: ముందు రేడియేటర్, దానిమీదే స్ప్రింగు ఉన్న లోహపు మూత, పక్కన కనిష్ఠ, గరిష్ఠ గీతలున్న ప్లాస్టిక్ రిజర్వ్ బాటిల్, ఇంజిన్ పక్కన బెల్టుతో తిరిగే వాటర్ పంపు, ఇంజిన్ నుంచి రేడియేటర్‌కు వెళ్లే పై పైపు మొదట్లో థర్మోస్టాట్ (కూలెంట్ తగినంత వేడెక్కేవరకు రేడియేటర్ దారిని మూసి ఉంచే కవాటం), డ్యాష్‌బోర్డు వెనక హీటర్ కోసం అమర్చిన చిన్న రేడియేటర్.

మొదటి సూచన ఇంజిన్ వేడిని చూపే మీటరు ముల్లు కాదు, చప్పుడు. పొద్దున్నే స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కగానే డ్యాష్‌బోర్డు వెనక నుంచి నీళ్లు గళగళమని పారుతున్న శబ్దం వచ్చేది. నిండుగా ఉన్న పైపుల్లో ద్రవం చప్పుడు చేయదు. గాలితో కలిసి పరుగెత్తినప్పుడే చేస్తుంది. రెండో సూచన వాసన. బండి ఆపి బానెట్ దగ్గర నిలబడితే కాస్త తియ్యగా, ముక్కుకు పట్టేసే వాసన వచ్చేది. అది కూలెంట్‌లో నీటితో కలిసి ఉండే ఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం ఆవిరి. ఇక బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్‌లో ఎక్కువసేపు ఆగితే ముల్లు మధ్య గీత దాటి పైకి పోయి, బండి కదిలాక మళ్లీ దిగేది.

ఇన్ని సూచనలున్నా రిజర్వ్ బాటిల్‌లో మట్టం మాత్రం చెక్కుచెదరలేదు. నేల మీద ఒక్క చుక్కా లేదు. అందుకే చూసినవారంతా కూలెంట్ సరిగ్గానే ఉందన్నారు. ఇంజిన్ పూర్తిగా చల్లారిన తర్వాత, తెల్లవారుజామున, రేడియేటర్ మూత తీసి చూస్తే సంగతి బయటపడింది. మూతి వరకు నిండి ఉండవలసిన కూలెంట్, టార్చిలైటు వేసినా కనిపించనంత లోతుకు దిగిపోయి ఉంది.

బాటిల్ నిండుగా ఉండి రేడియేటర్ ఖాళీ కావడం ఎలా సాధ్యమో అర్థం చేసుకుంటే సగం రోగ నిర్ధారణ అయిపోయినట్లే. రేడియేటర్ మూతలో రెండు కవాటాలుంటాయి. ఇంజిన్ వేడెక్కి కూలెంట్ వ్యాకోచించినప్పుడు లోపలి ఒత్తిడి మూత మీద ముద్రించిన అంకెను దాటితే పెద్ద కవాటం తెరుచుకుని, ఎక్కువైన కూలెంట్‌ను బాటిల్‌లోకి పంపుతుంది. ఇంజిన్ చల్లారి కూలెంట్ సంకోచించినప్పుడు లోపల శూన్యం ఏర్పడి, మధ్యలోని చిన్న కవాటం తెరుచుకుని, బాటిల్‌లోంచి అంతే కూలెంట్ వెనక్కి వస్తుంది. మధ్యలో ఎక్కడైనా సన్నని పగులు ఉంటే, చల్లారేటప్పుడు వ్యవస్థ బాటిల్‌లోంచి కూలెంట్ పీల్చుకునే కష్టం పడదు. దగ్గరున్న పగులు గుండా బయటి గాలినే పీల్చుకుంటుంది. వేడిలో కాస్త కూలెంట్ పోవడం, చల్లారాక అంత గాలి రావడం, రోజూ ఇదే జరుగుతుంది. బాటిల్‌కు ఈ వ్యవహారంతో సంబంధమే ఉండదు. అందువల్ల ఇలా మూత రేడియేటర్ మీదే ఉండే కార్లలో బాటిల్ మట్టం ఒక్కటే చూసి కూలెంట్ ఉందనుకోవడం ప్రమాదకరమని గట్టిగా చెబుతాను.

ఒత్తిడి పోవడం వల్ల ఇంకో నష్టం ఉంది. ప్రెషర్ కుక్కర్‌లో నీళ్లు నూరు డిగ్రీల దగ్గర మరగనట్లే ఇక్కడా ఒత్తిడి మరుగు స్థానాన్ని పెంచుతుంది. నా కారు మూత మీద 0.9 అని ఉంది. అంటే 0.9 బార్ ఒత్తిడి, టైర్ల గాలి కొలిచే పీఎస్‌ఐ లెక్కలో దాదాపు 13. సగం నీరు, సగం గ్లైకాల్ ఉన్న మిశ్రమం మామూలు వాతావరణ పీడనం దగ్గర సుమారు 107 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగితే, ఈ ఒత్తిడిలో 125 డిగ్రీలు దాటే వరకు మరగదు. పగులు వల్ల ఒత్తిడి నిలబడకపోతే ఆ రక్షణ పోయి, సిలిండర్ హెడ్డు చుట్టూ అత్యంత వేడిగా ఉండే చోట్ల కూలెంట్ ఆవిరి బుడగలుగా మారుతుంది. అలా లీకు వల్ల గాలీ చేరుతుంది, ఆవిరీ పుడుతుంది.

మొదట ఒక గ్యారేజీలో పాత కూలెంట్ అంతా వదిలేసి, కొత్తది మూతి వరకు పోసి, మూత బిగించి ఇచ్చారు. మంగళగిరి దాటకముందే ముల్లు ఎర్ర గీత వైపు కదిలింది. బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపి, బానెట్ ఎత్తి, దేన్నీ ముట్టుకోకుండా చాలాసేపు వేచి ఉన్నాను. వేడిగా ఉన్నప్పుడు మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి, కూలెంట్ ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. వేడి ఇంజిన్‌లో చన్నీళ్లు పోస్తే అల్యూమినియం హెడ్డు వంకరపోవచ్చు, పగలనూ వచ్చు. ఎంత తొందర ఉన్నా ఈ రెండు పనులూ చేయకూడదు.

అప్పుడు గమనించినవి తర్వాత చాలా పనికొచ్చాయి. పై పైపు పట్టుకోలేనంత వేడిగా ఉంది, కింది పైపు దాదాపు చల్లగా ఉంది. ఇది థర్మోస్టాట్ సరిగ్గా తెరుచుకోకపోయినా జరుగుతుంది, గాలి అడ్డుపడి కూలెంట్ తిరగకపోయినా జరుగుతుంది. ఆ రెండింటినీ విడదీసి చూపేది హీటర్. హీటర్‌కు వెళ్లే కూలెంట్ థర్మోస్టాట్ మూసి ఉన్నా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, ఇంజిన్ కాగుతున్నప్పుడు హీటర్ పెడితే వేడి గాలి రావాలి. బండి మళ్లీ స్టార్ట్ చేసి మీటను పూర్తిగా ఎర్ర రంగు వైపు తిప్పితే నాకు వచ్చింది చల్లటి గాలి. అంటే డ్యాష్‌బోర్డు వెనకున్న ఆ చిన్న రేడియేటర్‌లో ద్రవం లేదు, గాలి ఉంది. మన ప్రాంతంలో హీటర్ మీటను ముట్టుకునే అవసరం ఏడాది పొడవునా రాదు గనుక, ఇంత నమ్మకమైన సాక్షిని మనం అడగనే అడగం. మే నెల ఎండలో హీటర్ పెట్టడం కష్టమే అయినా, అద్దాలు దించుకుని ఐదు నిమిషాలు ఓర్చుకుంటే అది చెప్పే విషయం మరే మీటరూ చెప్పదు.

డ్యాష్‌బోర్డు ముల్లును ఇలాంటి వేళ పూర్తిగా నమ్మలేం. చాలా కార్లలో ముల్లు కొంత పరిధి వరకు మధ్యలోనే కదలకుండా నిలిచేలా అమర్చి ఉంటుంది. పైగా సెన్సర్ చుట్టూ కూలెంట్ బదులు గాలి ఉంటే అది అసలు వేడిని చూపించదు. కారు కంప్యూటర్ కొలిచే అంకెలను ఫోనులో చూపే చిన్న ఓబీడీ పరికరం పెట్టి చూస్తే నాకు అంకె 90 దగ్గర నుంచి 104కు ఎగబాకి, గాలి బుడగ ముందుకు జరగగానే ఒక్క క్షణంలో 88కి పడిపోవడం కనిపించింది. నిండుగా ఉన్న వ్యవస్థలో వేడి అలా గెంతదు. మెల్లగా ఎక్కుతుంది, మెల్లగా దిగుతుంది.

మరో గ్యారేజీలో చూసి, హెడ్డు గ్యాస్కెట్ (సిలిండర్ హెడ్డుకూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పోయిందనీ, ఇంజిన్ విప్పాలనీ అన్నారు. రేడియేటర్‌లో బుడగలు వస్తున్న మాట నిజమే. అయితే గ్యాస్కెట్ పోయినప్పుడు వచ్చే బుడగలు వేరు, పోసేటప్పుడు చిక్కిన గాలి బుడగలు వేరు. చిక్కిన గాలి కాసేపు వచ్చి, తగ్గి, ఆగిపోతుంది. గ్యాస్కెట్ గుండా సిలిండర్‌లోని మండిన వాయువు వస్తుంటే ఇంజిన్ నడిచినంతసేపూ బుడగలు ఆగవు, యాక్సిలరేటర్ తొక్కితే ఎక్కువవుతాయి. అనుమానం తీర్చడానికి నీలి ద్రవం పరీక్ష ఉంది. రేడియేటర్ మూతి దగ్గరి గాలిని ఆ ద్రవం గుండా లాగితే, అందులో మండిన వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్ ఉన్నట్లయితే పెట్రోల్ ఇంజిన్‌కు నీలం పసుపుగా మారుతుంది. మా కారుకు ఆ నీలం నీలంగానే ఉంది. గ్యాస్కెట్ పోతే కనిపించే ఇతర గుర్తులూ లేవు: ఆయిల్ మూత కింద పాలమీగడ రంగు జిగురు లేదు, సైలెన్సర్ నుంచి ఆగకుండా తెల్లపొగ లేదు. ఇంజిన్ విప్పడానికి ఒప్పుకునే ముందు ఈ పరీక్ష చేయమని అడగడం ప్రతి యజమాని హక్కు.

చివరికి ఆటోనగర్‌లో రేడియేటర్ పనే చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. కథంతా విని ఆయన, "ముందు లీకు పట్టుకుందాం బాబూ, గాలి సంగతి తర్వాత చూద్దాం. లీకు ఉండగా గాలి తీస్తే రేపటికి మళ్లీ వచ్చి కూర్చుంటుంది," అన్నారు. బండిని రాత్రంతా అక్కడే ఉంచి, పొద్దున చల్లగా ఉన్నప్పుడే పని మొదలుపెట్టారు.

రేడియేటర్ మూత స్థానంలో మీటరున్న చేతిపంపు బిగించి, లోపలి ఒత్తిడిని 0.9 వరకు పెంచి ఆపారు. మూత మీద రాసిన అంకెను మించి ఎక్కించకూడదు. మించితే బాగున్న చోటు కూడా చిట్లుతుంది. లీకు లేని వ్యవస్థలో ముల్లు పది, పదిహేను నిమిషాలు అక్కడే నిలవాలి. మాది నిలవలేదు. చూస్తుండగానే నెమ్మదిగా 0.6కు దిగింది. ఇంజిన్ చల్లగా ఉండటం వల్ల కారిన చుక్క ఆవిరైపోదు. వేడి ఇంజిన్ మీద పడిన చుక్క నేలకు చేరకుండానే ఆరిపోవడం వల్లనే ఇన్నాళ్లూ పార్కింగ్‌లో తడి కనిపించలేదు. కొన్ని లీకులు రబ్బరు, ప్లాస్టిక్ సంకోచించి ఉన్న చల్లని వేళ మాత్రమే బయటపడతాయి, కొన్ని వేడెక్కాక మాత్రమే బయటపడతాయి కాబట్టి, చల్లగా ఒకసారి, వెచ్చగా ఇంకోసారి చూడడం మంచిదని ఆయన చెప్పారు.

వెతకడం మొదలైంది. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది. పంపు లోపలి సీలు పాడైతే కూలెంట్ అక్కడి నుంచి కారుతుంది. అది పొడిగా ఉంది. రేడియేటర్ అల్యూమినియం గుండె ప్లాస్టిక్ ట్యాంకులతో కలిసే అంచులు పొడిగా ఉన్నాయి. హీటర్ పైపులు ఇంజిన్ గది గోడలోకి వెళ్లే చోటా, ముందు సీటు కాళ్ల దగ్గరి కార్పెట్ కిందా తడి లేదు. చివరగా, పై పైపు తగిలించే ప్లాస్టిక్ మెడ వెనక, నేరుగా కంటికి కనబడని వైపు చిన్న అద్దం పెట్టి టార్చి వేసి చూశాం. థర్మోస్టాట్‌ను కప్పే ఆ ప్లాస్టిక్ భాగం అతుకు మీద పచ్చదనం కలిసిన తెల్లని పొర, ఎండిన సున్నంలా, గోరంత మేర పేరుకుని ఉంది. దాని కింది అంచున చుక్క తయారవుతోంది. మెల్లగా ఉబ్బి, బరువెక్కి, గేర్‌బాక్స్ మీదికి జారి, ఒక్క క్షణం ఆగి మరో చుక్క మొదలైంది. అన్ని నెలల ఇబ్బందికి మూలం వెంట్రుక వాసి పగులు.

రేడియేటర్ మూతను కూడా అదే పంపుకు తగిలించి పరీక్షించారు. అది 0.9 దగ్గరే తెరుచుకుంది, మార్చవలసిన అవసరం రాలేదు.

ఆ ప్లాస్టిక్ భాగాన్ని విప్పినప్పుడు గాలి చిక్కడానికి మరో కారణం దొరికింది. చాలా థర్మోస్టాట్‌ల పళ్లెం అంచున చిన్న రంధ్రం, అందులో వదులుగా ఆడే చిన్న పిన్ను ఉంటాయి. థర్మోస్టాట్ మూసి ఉన్నప్పుడు కూడా వెనక చేరిన గాలి ఆ రంధ్రం గుండా మెల్లగా తప్పించుకోవాలన్నది దాని ఉద్దేశం. గాలి పైకే చేరుతుంది గనుక ఆ పిన్ను గడియారంలో పన్నెండు అంకె ఉండే వైపు రావాలి. మా బండిలో అంతకు ముందెవరో బిగించినప్పుడు అది కిందికి వచ్చింది. కూలెంట్ పోసినప్పుడల్లా ఇంజిన్ వైపు గాలి ఆ పళ్లెం వెనకే ఉండిపోయేది. ద్రవం తాకని థర్మోస్టాట్‌కు వేడి సరిగ్గా అందక ఆలస్యంగా తెరుచుకునేది. అరచేతిలో ఇమిడిపోయే ఆ థర్మోస్టాట్‌ను అర్ధ చుట్టు తిప్పి పెట్టడం ఎంత ముఖ్యమో కళ్లారా చూశాను.

థర్మోస్టాట్‌నే తీసేస్తే మన ఎండలకు ఇంజిన్ చల్లగా ఉంటుందని చాలామంది సలహా ఇస్తారు. నేను దానికి ఒప్పుకోను. అది లేకపోతే ఇంజిన్ తన పని వేడికి చేరడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లోని తేమ సరిగ్గా పోదు. అసలు లీకు, గాలి అలాగే ఉండిపోతాయి. రేడియేటర్ ఫ్యాన్‌ను స్విచ్ పెట్టి ఎప్పుడూ తిరిగేలా చేయడం కూడా ఇదే కోవకు చెందిన పని.

కొత్త ప్లాస్టిక్ భాగం, కొత్త రబ్బరు సీలు, కొత్త థర్మోస్టాట్ వేయించాను. పైపుకు స్క్రూ క్లిప్పు బదులు స్ప్రింగు క్లిప్పే వేయమన్నాను. రబ్బరు వేడికి ఉబ్బినా చల్లారి కుంచించుకున్నా స్ప్రింగు దానితోపాటే సర్దుకుని ఒకే పట్టుతో ఉంటుంది. స్క్రూ క్లిప్పును గట్టిగా బిగించిన కొద్దీ లోపలి ప్లాస్టిక్ మెడ నలుగుతుంది. తర్వాత మళ్లీ చేతిపంపు పెట్టి ఒత్తిడి ఎక్కిస్తే ఈసారి ముల్లు కదలలేదు.

వ్యవస్థను డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, రంగు పోయేవరకు వదిలాం. బోరు నీళ్లు ఇందుకు వాడకూడదు. వాటిలోని సున్నం వేడికి రేడియేటర్ సన్నని గొట్టాల్లో పెచ్చులు కడుతుంది. మంచు పడని మనకు కూలెంట్ ఎందుకని అడిగేవారున్నారు. గడ్డకట్టకుండా ఆపడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. తుప్పు పట్టకుండా లోహాన్ని కాపాడడం, మరుగు స్థానం పెంచడం మనకూ కావాలి. అలాగని గ్లైకాల్ ఎంత ఎక్కువైతే అంత మంచిదీ కాదు, ఎందుకంటే వేడిని మోసుకుపోవడంలో నీరే మిన్న. కడిగిన తర్వాత ఇంజిన్ లోపలా హీటర్‌లోనూ కొంత నీరు ఎప్పుడూ మిగిలిపోతుంది, కనుక ముందే నీళ్లు కలిపి అమ్మే కూలెంట్ పోస్తే అది పలచబడుతుంది. మొత్తం పట్టేది నాలుగున్నర లీటర్లయితే ముందు నీళ్లు కలపని చిక్కని కూలెంట్ రెండుంపావు లీటర్లు పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపడం సరైన పద్ధతి. రంగు చూసి కూలెంట్ ఎంచుకోవద్దు. ఒకే రంగులో వేర్వేరు రసాయనాలు అమ్ముతారు. తయారీదారు పుస్తకంలో రాసిన రకమే వాడాలి.

ఇక గాలి తీయడం. దీనికి కావలసింది ఓపిక. బండి ముందు భాగం ఎత్తులో ఉండేలా వాలు మీద నిలిపి, రేడియేటర్ మూతే అన్నిటికంటే ఎత్తైన చోటు అయ్యేలా చూశారు. హీటర్ మీట పూర్తి వేడి వైపు తిప్పి, ఏసీ ఆపారు. ఏసీ వేస్తే ఫ్యాన్ ఎలాగూ తిరుగుతుంది. అప్పుడు వేడి వల్ల తిరిగిందో ఏసీ వల్ల తిరిగిందో తెలియదు. మూతికి బిగుతుగా పట్టే గరాటు పెట్టి, అందులో సగం వరకు కూలెంట్ నిలిచేలా మెల్లగా పోస్తూ, పై పైపును చేత్తో నొక్కి వదులుతూ ఉంటే స్టార్ట్ చేయకముందే పెద్ద పెద్ద బుడగలు వచ్చాయి. గాలి వదలడానికి ప్రత్యేకంగా స్క్రూ ఉన్న కార్లలో, దాన్ని వదులు చేసి బుడగ లేని ధార వచ్చేవరకు ఉంచి బిగించాలి. నా కారుకు ఆ స్క్రూ లేదు.

ఇంజిన్ స్టార్ట్ చేసి ఊరికే తిరగనిచ్చాం. గరాటులో మట్టం కొద్దిగా పెరిగింది, సన్నని బుడగలు వరసగా వచ్చాయి. కాసేపటికి థర్మోస్టాట్ తెరుచుకున్న క్షణాన గరాటులోని కూలెంట్ ఒక్కసారిగా లోపలికి దిగిపోయింది, కింది పైపు వేడెక్కింది. దిగినంత మళ్లీ పోశాం. ఆ తర్వాత ఆర్‌పీఎం 2,000, 2,500 మధ్య కొద్దిసేపు పట్టి ఉంచితే వాటర్ పంపు వేగానికి హీటర్‌లో ఇరుక్కున్న గాలి కదిలి, గళగళమన్న చప్పుడుతో బయటికి వచ్చింది. అప్పటిదాకా చల్లగా వీచిన హీటర్ గాలి ముఖం మండేంత వేడెక్కింది. ఫ్యాన్ తిరిగి ఆగడం, మళ్లీ తిరిగి ఆగడం పూర్తయ్యేవరకు ఉంచాం. అప్పటికి బుడగలు పూర్తిగా ఆగిపోయాయి. గ్యాస్కెట్ మీద మిగిలి ఉన్న ఆ కాస్త అనుమానం కూడా అక్కడితో తీరింది. ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి, గరాటు తీసి మూత బిగించి, బాటిల్‌ను పై గీత వరకు నింపాం.

గాలి తీసిన పని ఆ రోజుతో పూర్తయిందనుకోకూడదు. మిగిలిన చిన్న బుడగలు బండి నడిచినప్పుడు కదిలి రేడియేటర్ పైభాగానికి చేరతాయి. చల్లారాక వాటి స్థానంలోకి బాటిల్ నుంచి కూలెంట్ వస్తుంది. అందుకని బాటిల్ మీద మార్కర్‌తో గీత గీసి, రోజూ పొద్దున చూశాను. మొదట్లో మట్టం కొద్దిగా దిగింది, కలిపాక నిలబడింది. మట్టం ఇలా దిగడం మంచి గుర్తు: వ్యవస్థ గాలిని కాకుండా బాటిల్‌లోని కూలెంట్‌నే పీల్చుకుంటోందని అర్థం.

పని చేసేటప్పుడు కారిన పాత కూలెంట్‌ను పళ్లెంలో పట్టి, డబ్బాలో పోసి మూత పెట్టించాను. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది గనుక వీధికుక్కలు, పిల్లులు నాకుతాయి. కొద్దిపాటి మోతాదుకే వాటి మూత్రపిండాలు పాడై చనిపోతాయి. నేల మీద పడిన చోట ఎక్కువ నీళ్లతో కడగాలి. గ్యారేజీల్లో ఈ ఒక్క విషయం పట్టించుకునేలా మనం అడగాలని నా విన్నపం.

తర్వాత దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కాను. కుటుంబమంతా బండిలో, ఏసీ నడుస్తూ, రెండో గేర్‌లో మలుపులు. ఓబీడీ అంకె 90కీ 97కీ మధ్య మెల్లగా ఆడింది, ఎక్కడా గెంతలేదు. మర్నాడు పొద్దున సత్రం ఆవరణలో మూత తీసి చూస్తే కూలెంట్ మూతి అంచు వరకు నిలిచి ఉంది. హీటర్‌కు వెళ్లే రెండు రబ్బరు పైపులూ పగిలిన ఆ ప్లాస్టిక్ మెడ వయసువే కాబట్టి, వచ్చే వేసవి ముందే వాటినీ మార్పించి, అప్పుడు కూడా చేతిపంపు పరీక్ష, గరాటు పద్ధతి రెండూ చేయమని పెద్దాయనకు ముందే చెప్పి ఉంచాను.